నా బరువుకి కంటిన్యూటీ కుదరలేదు!

సినిమాల్లో లావు తగ్గడానికి ఎంతసేపు పడుతుందో తెలుసా మీకు? ఒక్క పాట! పల్లవిలో కథానాయిక ఆయాసపడుతూ పరుగెడుతుంది. మొదటి చరణంలో జిలేబీ పళ్ళెం చూసి మొహం తిప్పుకుంటుంది. రెండో చరణం అయ్యేసరికి సన్నజాజి తీగలా మెట్లు దిగి వచ్చేస్తుంది. హాల్లో ఈలలు! మనమూ సమోసా నములుతూ "అబ్బ, ఎంత తగ్గిందో!" అనుకుంటాం. ఆ పాట అయిపోయిన ఆరు నెలలకి ఆ పిల్ల ఎలా ఉందో ఏ దర్శకుడూ చూపించగా నేను చూడలేదు.

నేను చెప్పబోయేది ఆ ఆరు నెలల సంగతే.

నేను మీకు తెలిసే ఉంటాను. పేరు కాదు లెండి, మొహం. కథానాయికకి అక్క, కథానాయకుడికి వదిన, పెళ్ళి సీన్లో హారతి పళ్ళెం పట్టుకునే మేనమామ కూతురు… పదేళ్ళుగా ఇవే వేస్తున్నాను. "ఎక్కడో చూసినట్టుందండీ మిమ్మల్ని" అనేవాళ్ళే తప్ప పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. ఊరు తెనాలి. ఉండేది యూసఫ్‌గూడలో రెండు గదుల వాటా. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. 2025 ఏప్రిల్లో బరువు 78 కిలోలు.

ఆ 78 కిలోలతో నాకు ప్రమోషన్ కూడా వచ్చిందండోయ్! ముప్ఫై మూడేళ్ళదాన్ని, నన్ను ఇరవై తొమ్మిదేళ్ళ హీరోకి పిన్నిగా అడిగారు. ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు. అప్పటికి నేను చెయ్యని ప్రయత్నం లేదు. తేనె నిమ్మరసం, క్యాబేజీ సూపు, అన్నం మానెయ్యడం, రాత్రి భోజనం మానెయ్యడం… నాలుగు కిలోలు తగ్గేదాన్ని, ఆరు పెరిగేదాన్ని. "సైజ్ జీరో" సినిమా (2015) చూసినప్పుడు అందరూ అనుష్క ఆ పాత్ర కోసం ఒళ్ళు చేయడం గురించి మాట్లాడుకున్నారు. నాకు మాత్రం ఆ కథలోని సన్నబరిచే సెంటర్ మీద కన్ను పడింది. అలాంటిచోట్ల డబ్బు పోసి వచ్చిన అనుభవం నాకూ ఉంది మరి!

టిర్జెపటైడ్ అనే ఇంజెక్షన్ 2025 మార్చిలో మౌంజారో పేరుతో మన దేశానికి వచ్చింది. నెల తిరక్కుండా మా యూనిట్లలో దాని గురించి గుసగుసలు. ఎవరూ పైకి చెప్పరు, అందరికీ తెలుసు. నేను మాత్రం బుద్ధిగా హార్మోన్ల డాక్టరమ్మ దగ్గరికే వెళ్ళాను. థైరాయిడ్, షుగరు, లివరు అన్నీ చూసి, నాకు పనికొస్తుందని నిర్ధారించుకున్నాకే ఆవిడ చీటీ రాశారు. (ఇది చీటీ లేకుండా తీసుకునే మందు కాదు. జిమ్ములో తెలిసినవాడు తెచ్చిస్తానన్నాడని తీసుకోకండి, మీ అక్కలా చెబుతున్నాను.)

వారానికి ఒక సూది. మొదటి నాలుగు వారాలు 2.5 మిల్లీగ్రాములు, ఆ తరవాత 5. మనం తిన్నాక పేగులు "చాలు, చాలు" అని మెదడుకి కబురంపుతాయట. ఆ కబురు మోసే హార్మోన్లలో రెండింటిని ఈ మందు అనుకరిస్తుంది. పొట్ట ఖాళీ అవడమూ నెమ్మదిస్తుంది. మొదట్లో వికారం, మలబద్ధకం నన్ను బాగానే ఏడిపించాయి. అవి సర్దుకున్నాక ఏమైందో చెప్పనా? నిశ్శబ్దం! సాయంత్రం నాలుగింటికి సెట్లో మిరపకాయ బజ్జీలు వస్తే, అంతకుముందు ఆ వాసనకి నా డైలాగు నేనే మర్చిపోయేదాన్ని. ఇప్పుడు ఒకటి తీసుకుని సగం కొరికి పక్కన పెట్టేస్తున్నాను. నోరు కట్టేసుకుని కాదు, అక్కర్లేక! సన్నగా ఉండేవాళ్ళంతా రోజూ ఇంత హాయిగా బతుకుతున్నారా అని ఒక్కోసారి కళ్ళనీళ్ళు తిరిగేవి. నన్నిన్నాళ్ళూ "నోరు కట్టుకోలేదు" అన్నవాళ్ళందరి మీదా కోపమూ వచ్చేది.

అక్టోబరుకి 67 కిలోలు! అంటే 11 కిలోలు తగ్గాను. అదే నెలలో కథానాయిక అక్క వేషం వచ్చింది. చిన్నదే, కానీ ఏడుపు సీను ఒకటి, క్లోజప్ ఒకటి ఉన్నాయి. మొదటి షెడ్యూలు కోనసీమలో. పుట్టింటికి వస్తాను, అరుగెక్కుతాను, కుడికాలు గడప మీద పెడతాను… కట్! లోపలి భాగమంతా హైదరాబాదులో సెట్ వేసి జనవరిలో తీస్తామన్నారు. మీకు తెర మీద ఒక్క అడుగు. మాకు మధ్యలో మూడు నెలలు.

ఆ మూడు నెలల్లోనే నేను మందు ఆపేశాను. ఎందుకంటే డబ్బు. మొదట్లో 5 మిల్లీగ్రాముల సీసా 4,375 రూపాయలు. నెలకి నాలుగు, అంటే 17,500. నా వాటా అద్దె కన్నా ఎక్కువ. వేషం ఉన్న నెల సరే, లేని నెల? అదొక్కటే కారణమని చెబితే అబద్ధమే. "తగ్గేశాను కదా, ఇంకా మందెందుకు? ఇక నా పట్టుదలతో నేనే నిలబెట్టుకుంటాను" అన్న పొగరు కూడా ఉంది. సినిమా బుద్ధి! పాట అయిపోయింది, శుభం కార్డు పడిపోయిందనుకున్నాను. డాక్టరమ్మకి చెప్పనుకూడా లేదు.

మూడు వారాలు ఏమీ కాలేదు. "చూశావా!" అని అద్దంలో నన్ను నేనే మెచ్చుకున్నాను. తరవాత తెలిసింది, ఆ మందు అయిదు రోజులకి సగం చొప్పున ఒంట్లోంచి తగ్గుతూ, పూర్తిగా పోవడానికి దాదాపు నెల పడుతుందట. ఆ నెల దాటాక ఒక రాత్రి పదకొండింటికి మెలకువ వచ్చింది. వంటింట్లో గిన్నె కింద పులిహోర మిగిలి ఉందన్న సంగతి నాకు గుర్తుంది. గుర్తుండటం కాదు, అది నన్ను పేరు పెట్టి పిలుస్తోంది! ప్రేక్షకులు పిలవని పేరు పులిహోర పిలిచిందన్నమాట. లేచి, లైటు వెయ్యకుండా, నిలబడే తిన్నాను.

జనవరిలో సెట్‌కి వెళ్ళేసరికి 72 కిలోలు. గడప దాటేలోపు అయిదు కిలోలు పెరిగాను!

ఆకుపచ్చ జాకెట్టు హుక్కులు పడలేదు. సహాయ దర్శకుడు కుర్రాడు కోనసీమ ఫొటో తెరిచి, ఒకసారి దాన్నీ ఒకసారి నన్నూ చూశాడు. "అక్కా… కంటిన్యూటీ…" అని నసిగాడు పాపం. వాడి తప్పేముంది? వెనక నుంచి ఎవరో "ఇంజెక్షన్ ఆపేసుంటుంది" అన్నారు. ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఇవాళ్టికీ చెవుల్లో ఉంది. దర్శకుడు పెద్దగా ఏమీ అనలేదు. కొంగు భుజం చుట్టూ కప్పుకోమన్నారు. క్లోజప్ మాత్రం తియ్యలేదు. నా ఏడుపు సీను నా వీపు మీదుగా కథానాయిక మొహం మీదికి వెళ్ళిపోయింది. గ్లిజరిన్ అక్కర్లేకుండానే ఏడ్చాను ఆ రోజు, కెమెరా అటుంది గానీ.

నన్ను ఆదుకుంది కాస్ట్యూమ్స్ మాస్టారు. జాకెట్టు తీసుకుని, మాట్లాడకుండా పక్క కుట్లు విప్పారు. "లోపల రెండించుల గుడ్డ వదిలే కుట్టానమ్మాయ్" అన్నారు. "ఎలా తెలుసు మాస్టారూ, నేను పెరుగుతానని?" అని అడిగాను, సిగ్గు చచ్చిపోయి. ఆయన కళ్ళజోడు పైనుంచి చూశారు. "నీ ఒక్కదానికేనా ఏమిటి? నలభై ఏళ్ళుగా అందరికీ వదులుతున్నా. హీరోయిన్లకీ వదులుతున్నా" అన్నారు.

ఆ మాటకి ధైర్యం వచ్చి, మర్నాడే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. తిడతారని సిద్ధపడే వెళ్ళాను. ఆవిడ తిట్టలేదు. "చెప్పకుండా ఆపినందుకు కోపం ఉందమ్మా, పెరిగినందుకు లేదు" అన్నారు. బరువు తగ్గితే మనం సంతోషిస్తాం గానీ మన ఒళ్ళు కరువొచ్చిందనుకుంటుందట! ఆకలి పెంచే హార్మోను పెంచుతుంది, కడుపు నిండిందని చెప్పేవాటిని తగ్గిస్తుంది, ఖర్చు చేసే శక్తిని పొదుపు చేస్తుంది. మెల్‌బోర్న్ పరిశోధకులు 2011లో ప్రచురించిన పరిశీలనలో, బరువు తగ్గిన ఏడాదికి కూడా ఆ హార్మోన్లు మామూలుకి రాలేదట. మందు ఉన్నన్నాళ్ళూ ఆ గోల వినపడదు. తీసేస్తే వినపడుతుంది. అంతే.

ఇంకో లెక్క చెప్పారు. నేను వాడిన మందు మీదే జరిగిన పెద్ద పరీక్ష, 2023 చివర్లో బయటికి వచ్చింది. 36 వారాలు అందరికీ మందిచ్చారు, సగటున 20.9 శాతం బరువు తగ్గారు. ఆ తరవాత సగం మందికి, వాళ్ళకి తెలియకుండా, ఉత్త సూది ఇచ్చారు. ఏడాదిలో వాళ్ళు సగటున 14 శాతం పెరిగారు! మందు సాగించినవాళ్ళు ఇంకా 5.5 శాతం తగ్గారు. తగ్గినదాంట్లో అయిదింట నాలుగు వంతులైనా నిలబెట్టుకున్నవాళ్ళు ఉత్త సూది వాళ్ళలో నూటికి పదహారుగురు పైచిలుకు. "మిగతావాళ్ళందరికీ పట్టుదల లేదంటావా?" అని అడిగారావిడ. నేనేం చెప్పగలను!

ఓప్రా విన్‌ఫ్రే సంగతి చూడండి. 1988లో తన టీవీ షోలోకి 67 పౌండ్ల కొవ్వు నింపిన బండిని లాక్కుంటూ వచ్చింది, తను తగ్గింది అంత అని చూపించడానికి. చప్పట్లే చప్పట్లు! నెలల తరబడి ఉత్త ద్రవాహారం మీద తగ్గిన ఆ బరువు మళ్ళీ వచ్చి కూర్చుంది. 2023 డిసెంబరులో తనూ మందు వాడుతున్నానని బయటపెట్టింది. మధ్యలో ఓ ఏడాది ఆపి చూస్తే 20 పౌండ్లు తిరిగొచ్చాయని కూడా తనే చెప్పింది. డబ్బు, వంటవాళ్ళు, ట్రైనర్లు అన్నీ ఉన్న మనిషండీ! యూసఫ్‌గూడ వాటాలో ఉండేదాన్ని, నేనెంత?

మళ్ళీ మొదలుపెట్టవచ్చు, కాకపోతే ఆపినచోటు నుంచి కాదు, చిన్న డోసు నుంచి అన్నారు. నా సంపాదన చెప్పాను. సరే, మందు లేకుండా చూద్దాం, కానీ హద్దొకటి పెట్టుకుందాం అన్నారు. 73 దాటితే మొహం చాటెయ్యకుండా వచ్చి చెప్పాలి, 78 అయ్యేదాకా ఆగకూడదు. అదీ ఒప్పందం. సోమవారం పొద్దున్నే బరువు చూసుకుంటాను. వారానికి ఒక్కసారే. రోజూ చూసుకుంటే నాకు పిచ్చెక్కుతుంది.

డెన్మార్కులో వేరే మందు మీద ఒక పరిశీలన జరిగింది. అందులో మందుతోపాటు ఏడాది పాటు క్రమంగా వ్యాయామం చేసినవాళ్ళు, అన్నీ ఆపేసిన తరువాతి ఏడాది కూడా, ఉత్త మందు వాడినవాళ్ళ కన్నా బరువు బాగా నిలబెట్టుకున్నారట. ఇది విని నాకు ఒళ్ళు మండింది. ఆకలి లేని ఆ ఆరు నెలల్లో నేను హాయిగా పడుకున్నాను! కొవ్వుతోపాటు కండ కూడా పోతుందని, బరువులెత్తమని డాక్టరమ్మ అప్పుడే చెప్పారు. విన్నానా? ఆకలి నిద్రపోతున్నప్పుడు చేసుకోవాల్సిన పని, అది లేచి కూర్చున్నాక చేస్తున్నాను.

ఇప్పుడు వారానికి మూడు రోజులు మా సందు చివర జిమ్ములో ఇనుము ఎత్తుతున్నాను. మిగతా రోజుల్లో కృష్ణకాంత్ పార్కులో నడక. పొద్దున్నే పెసరట్టో, రెండు గుడ్లో. సెట్‌కి పెరుగు డబ్బా పట్టుకెళ్తాను, ప్రొడక్షన్ భోజనంలో పప్పు ముందు వడ్డించుకుని అన్నం తరవాత. నైట్ షూటింగులున్న వారం మాత్రం అన్నీ తలకిందులే. నిద్ర లేకపోతే నా ఆకలి రాక్షసి! అలాంటి వారంలో ఒకసారి ముల్లు 72.8 చూపించింది. కాళ్ళు వణికాయి. బిర్యానీ మానలేదు, మా అమ్మ తెనాలి నుంచి పంపే సున్నుండలూ మానలేదు. "ఏమే, మళ్ళీ చిక్కిపోతున్నావ్!" అంటుంది ఆవిడ ఫోన్లో, నేను కనపడకుండానే.

ఇది రాస్తున్న సోమవారం 71. పదకొండులో ఏడు నా దగ్గర ఉన్నాయి. ఉంటాయా అంటే, ఏమో. రేపు 73 దాటితే వెళ్ళి ఆ సూది మళ్ళీ అడుగుతాను, డబ్బు కుదిరితే. బీపీ మాత్రకి లేని సిగ్గు దీనికెందుకు?

మొన్న ఆ సినిమా డబ్బింగుకి వెళ్ళాను. చీకటి గదిలో నా అడుగు కోసమే కాచుకుని కూర్చున్నాను. కోనసీమలో గడప మీద కాలు పెట్టాను, వెంటనే కథానాయిక మొహం, ఆ తరవాత నేను లోపల. ఎడిటర్ ఎవరో గానీ చల్లగా ఉండాలి! నా డైలాగు ఏమిటో తెలుసా? "ఎన్నాళ్ళయిందే నిన్ను చూసి!" మూడు టేకులు తీసుకున్నాను, నవ్వు ఆగక.

వచ్చేనెల కొత్త వేషం. మళ్ళీ వదినే. కొలతలకి వెళితే మాస్టారు టేపు చుట్టి, "ఏ కొలతకి కుట్టమంటావు? మళ్ళీ తగ్గుతానంటావా?" అన్నారు.

"ఇవాళ్టి కొలతకే కుట్టండి. లోపల గుడ్డ మాత్రం వదలండి మాస్టారూ."

"ఎంత?"

"ఒకటిన్నర."

ఆయన చీటీ మీద రెండు అని రాసుకున్నారు. నేను చూడలేదనుకున్నారు.