ఎండకు నోచుకోని బట్టలు

మొన్నటి శనివారమునాడు, టెక్సాసులోని ఫ్రిస్కో పట్టణమున మా పెరటి గోడమీది ఉష్ణమాపకము 104 డిగ్రీలు, అనగా మన లెక్కకు 40 డిగ్రీలు, చూపుచుండగా, గడ్డి మాడి గోధుమవన్నెకు తిరిగి పిట్ట సైతము నీడ విడిచి రాని ఆ మధ్యాహ్నవేళ, నేను కిటికీలు లేని ఒక ఇరుకు గదిలో మోకాళ్లపై కూర్చుండి, బట్టలారబెట్టు యంత్రమునకు వేడి యేల పుట్టుటలేదో తెలిసికొనుటకై దాని వెనుకరేకు మరలు విప్పుచుంటిని. గోడకు అవతల సూర్యుడున్నాడు, ఇవతల నేనున్నాను, నడుమ మా కాలనీ సంఘమువారి నిబంధన యొకటి యున్నది. దాని ప్రకారము ఇక్కడ ఎవ్వరును ఇంటి వెలుపల, తమ పెరటియందైనను, దండెము కట్టి బట్టలు ఆరవేయరాదు.

ఈ దేశమునకు వచ్చి పదునాలుగేండ్లైనది. రోడ్డుకు కుడిప్రక్కన బండి నడుపుట, పాలను గాలన్ల లెక్కను కొనుట, పొరుగింటికి పోవుటకైనను ముందుగా కబురు చేయుట, ఇవియన్నియు క్రమముగా ఒంటబట్టినవి. వానిలో కొన్ని మెచ్చదగినవే యని మనఃపూర్వకముగా అంగీకరింతును. కాని నెలల తరబడి ఎండ ఇంటిముందు కల్లములో వడ్లవలె కుప్పవోసినట్లు పడియుండగా, దానిని ముట్టరాదని, తడిబట్టను కరెంటుతోనే ఆరబెట్టవలెనని, అందుకు వాయికి సుమారు 3 యూనిట్లు కాల్చవలెనని చెప్పు శాసనము మాత్రము బాన్సువాడలో పుట్టిన నాకు నేటికిని మింగుడుపడలేదు.

యంత్రము తిరుగుచునే యున్నది. లోపలి డోలు దొర్లుచున్నది, గాలి వీచుచున్నది, గడువు తీరగానే గంటయు మ్రోగుచున్నది; తలుపు తీసి చూచినచో బట్టలు వేసినవి వేసినట్లే చల్లగా, తడిగా, ముద్దగా ఉన్నవి. కబురంపగా వచ్చిన మెకానిక్కు రేకైనను విప్పక, ఇది పాతబడినది, కొత్తది కొనుడని చెప్పి, వచ్చినందుకు రుసుము పుచ్చుకొని వెళ్లినాడు. అంతట నేను బాన్సువాడలో మోటారు వైండింగు దుకాణము నడుపు మా బావకు ఫోను చేసితిని. ఆయన ఈ యంత్రమును కన్నులార చూచి యెరుగడు. అయినను నేను చెప్పినదంతయు విని, క్షణమాగి, "తిరుగుతుంది గని కాలుతలేదంటవు. ఒక ఫేజు కొట్టేసిందేమో సూశినవా బామ్మర్దీ?" అని అడిగినాడు.

ఈ ప్రశ్న ఎంత లోతైనదో ఇచ్చటి కరెంటు సంగతి తెలిసినవారికే బోధపడును. అమెరికాలో ఇంటికి రెండు విద్యుత్తీగలు వచ్చును; ఒక్కొక్కదానియందు 120 వోల్టులు, రెంటి నడుమ 240. డోలు త్రిప్పు మోటారుకు ఒక తీగ చాలును. వేడి పుట్టించు కాయిలుకు రెండును కావలెను. రెంటిలో ఒకటి తెగినచో యంత్రము ఏమియు జరుగనట్లు తిరుగుచునే యుండును, వేడి మాత్రము పుట్టదు. బోరుబావుల కింద సేద్యము చేసిన మన రైతులకు ఇట్టిది కొత్తగాదు. మూడు ఫేజులలో ఒకటి పోయినప్పుడు మోటారు గుర్రుమని మూలుగుటను, ఆ మూలుగు విని అర్ధరాత్రి చేలగట్లవెంట స్టార్టరు వద్దకు పరుగెత్తుటను, అప్పటికే కాలిపోయిన వైండింగు వాసనను వారు ఒక్క జన్మలో ఎన్నిమారులు చూచియుందురో లెక్కలేదు. అట్లు కాలిన మోటార్ల రాగితీగను ముప్పది యేండ్లుగా చుట్టకు చుట్ట వేలితో లెక్కించుచు చుట్టిన బావ, ఏడు సముద్రాల అవతల ఉన్న యంత్రము నాడిని చెవితోనే పట్టినాడు.

బ్రేకరు జంట మీటను పూర్తిగా క్రిందికి దించి మరల ఎత్తితిని, వేడి రాలేదు. గోడలోని సాకెట్టుకు మీటరు పెట్టి చూచితిని; 240 సరిగానే ఉన్నది. బావ మాట తప్పినందుకు నాకు చిన్నబోయినట్లైనది గాని ఆయనకు కాలేదు. "పోనియ్, గదొక అనుమానం తీరింది. ఇగ లోపట సూడు. ప్లగ్గు పీకినంకనే చెయ్యి వెట్టు" అన్నాడు.

వెనుకరేకు తీసినప్పుడు నేను ఈ దేశమునకు నమస్కరించితిని. లోపల ఒక మూలను, మడిచి పెట్టిన కాగితమొకటి యున్నది. యంత్రమును తయారుచేసినవారే దాని వైరింగు పటమును, ఏ భాగమునకు ఎన్ని ఓములు చూపవలెనో ఆ లెక్కలను ముద్రించి, రేపు దీనిని బాగుచేయువానికి ఉపకరించునని యంత్రగర్భముననే దాచియుంచినారు. ఏనాడో రాబోవు అజ్ఞాతుని చేతిని తలచుకొని చేసిన పని యిది. మన వైపు బావవంటి వారి విద్య వేళ్లయందుండును; ఆ వేళ్లతోనే పోవును. కాగితముపైకెక్కిన విద్య నావంటి అన్యునికిని దక్కినది.

ఆ కాగితమును నేలపై పరచుకొని ఒక్కొక్కటియే పరీక్షించితిని. వేడి పుట్టించు కాయిలు 10 ఓములకు కొంచెము పైగా చూపినది, అది బ్రతికియున్నది. దాని పెట్టెకు బిగించియున్న రూపాయి బిళ్లంత థర్మల్ కటాఫునకు మీటరు ముల్లులు రెండును ఆనించితిని, మీటరు పలుకలేదు. వేడి హద్దు మీరినప్పుడు ఇల్లు అంటుకొనకుండ తాను తెగిపోవుటకే అది పుట్టినది. ఒకమారు తెగినచో మరల అతుకదు, కొత్తది వేయవలసినదే. అయితే అది ఊరక తెగదు. ఎందుకు తెగినదో తెలిసికొనక కొత్తది వేసినచో ఆ కొత్తదియు నెలతిరుగక ముందే తెగును.

కారణము గొట్టములో ఉన్నది. తడిగాలిని వెలుపలికి పంపు నాలుగంగుళముల గొట్టము, మా గది ఇంటి నడుమ నుండుటచే, గోడలోపలి నుండి పైకెక్కి, అటుకమీద వంకరలు తిరిగి, కప్పు నుండి బయటపడును. అట్టి గొట్టము 35 అడుగులకు మించరాదని, లంబకోణమున తిరిగిన ప్రతి మలుపునకు 5 అడుగులు తగ్గించుకొనవలెనని గృహనిర్మాణ నియమావళి చెప్పుచున్నది. పొడుగాటి కడ్డీకి కట్టిన బ్రష్షును లోనికి త్రోసి వెనుకకు లాగితిని. లాగినకొద్దీ నూగు వచ్చినది. కంబళి తునుకవలె ఒత్తుగా, పొరలు పొరలుగా, బూడిదవన్నె నూగు. దాని నడుమ మా వాని బడిచొక్కా నీలిరంగు ఒక చార, పండుగనాటి తువ్వాల పసుపు ఒక చార, నా భార్య కుంకుమరంగు చుడీదారు పోగులు. రెండు బకెట్లు నిండినవి. ఇదంతయు మేము కట్టిన బట్టయే. వేడిలో దొర్లి, ఒకదానినొకటి రాచుకొని, వాయివాయికి ఇంతింతగా అరిగి, గొట్టములో చేరి, గాలికి అడ్డుపడి, ఆ వేడిని లోపలనే నిలిపి కటాఫును తెంచినది. అది తెగక యుండినచో నూగే అంటుకొని యుండును. ఈ దేశములో 2008–2010 నడుమ ఏటేట సుమారు 2,900 ఇండ్ల అగ్నిప్రమాదములు ఈ యంత్రముల వలననే కలిగినవని, వానికి మొదటి కారణము శుభ్రము చేయకపోవుటయే యని ప్రభుత్వ అగ్నిమాపక శాఖవారే లెక్క చెప్పినారు.

దండెముమీద ఆరిన బట్టకు నిప్పంటుకొన్నదని నేనెన్నడును వినలేదు. అందుచేతనే అడుగుచున్నాను: పెరటికి చుట్టును ఆరడుగుల చెక్కగోడ ఉండగా, దానికి లోపల నేను ఆరవేసిన తువ్వాల వలన ఎవరి ఇంటి విలువ తగ్గును? ఫ్లోరిడాలో, మేన్‌లో, వెర్మాంట్‌లో ఇట్టి నిషేధములు చెల్లవని చట్టములు చేసినారు. ఎండ తక్కువైన వెర్మాంటునకు పట్టిన ఆ బుద్ధి ఎండలో వేగుచున్న మా కాలనీకి పట్టకపోవుట నాకు విచారము.

యంత్రమును నేను నిందింపను. ఉత్తర డకోటా రాష్ట్రమున రాస్ మూర్ అను నతడు, గడ్డకట్టు చలిలో తన తల్లి తడిబట్టలు ఆరవేయుటకై పడు బాధను చూడలేక, ఒక కొట్టము వేసి, పొయ్యి పెట్టి, డోలును అమర్చి ఇట్టి యంత్రమును కల్పించినాడని చెప్పుదురు. ఏండ్ల తరబడి శ్రమించిన పిదప అతని ఆలోచనను విస్కాన్సినులోని హామిల్టన్ సంస్థవారు గ్రహించి 1938లో దానిని విపణికి తెచ్చినారు. తల్లి వేళ్లు కొంకర్లుపోవుచుండగా చూచిన కొడుకు చేసిన వస్తువిది. దానికి చేతులెత్తి మ్రొక్కవలెను. మంచుదేశమున పుట్టిన ఆ దయ, ఎండదేశమునకు వచ్చి ఆజ్ఞగా మారుటయే నా బాధ.

మావైపు ఎండ ఎల్లప్పుడును మాట వినునని నేననను. నిజాంసాగరు 1931లో పూర్తియై మంజీర నీరు కాలువల వెంట పారిననాటి నుండి మా బాన్సువాడ చుట్టుప్రక్కల వడ్లే జీవితము. యాసంగి పంట కోసిన పిదప వడ్లు ఆరబోయుటకు చోటుచాలక తారురోడ్డు సగము వడ్లే. బట్టలారబెట్టు ఈ యంత్రపు డోలులో రెండు లోహపు పట్టీలు ఉండును. తడిబట్ట వానికి తగులుచున్నంతసేపు తేమ కలదని యంత్రము గ్రహించి తిరుగును, ఆరినదని తోచినచో తనంతట ఆగును. దానిని చూచినప్పుడెల్ల నాకు వడ్ల కొనుగోలు కేంద్రములోని తేమ మిషను జ్ఞప్తికి వచ్చును. అందులో తేమ 17 శాతము మించినచో వడ్లు కొనరు. కాని పోలిక అంతటితో ఆగిపోవును; ఏలనగా మా నాయన ఆ మిషనును ఎన్నడును నమ్మలేదు. కుప్పలోనికి మోచేతివరకు చేయి దూర్చి, అడుగు నుండి ఒక్క గింజను తీసి, పంటి కింద పెట్టి కొరికెడివాడు. టక్కుమన్నచో, "ఆరినయ్" అనెడివాడు. మెత్తగా నలిగినచో ఏమియు అనక, పలుగుకర్ర తీసికొని కుప్పనంతటిని మరల ఎండకు తిరుగవేసెడివాడు. ఒక ఏడు ఆయన అట్లు నాలుగు దినములు తిరుగవేసి, ఐదవనాటి సాయంకాలము మబ్బు కమ్మగా, ఇంటిల్లిపాది పరదాలు పట్టుకొని పరుగెత్తితిమి. సగము తడిసినది. మొలకవచ్చిన వడ్లను దోసిట పట్టుకొని నాయన నిలిచిన తీరు నాకిప్పటికిని కన్నులకు కట్టినట్లున్నది. ఆనాడు ఊరిలో ఇట్టి యంత్రము, వడ్లకు తగినది, ఒక్కటి యుండినచో ఎంత మేలు కలిగియుండును!

ఎండ విలువ అట్లు తెలిసిన ఇంటినుండి నిరుడు మా అమ్మ ఇచ్చటికి వచ్చినది. వచ్చిన మూడవనాడే తన నారాయణపేట నూలుచీరను ఉతికి, పెరటి చెక్కగోడమీద ఆరవేసినది. వారము తిరుగకుండ సంఘమువారి ఉత్తరము వచ్చినది. అందులో ఆ చీర ఫోటో. మర్యాదగానే వ్రాసినారు, ఇకముందు ఇట్లు చేయరాదన్నారు. అమ్మకు ఆ ఫోటో చూపితిని. దానిని దగ్గరగా పెట్టుకొని, తన చీర అంచు గుర్తుపట్టి, "మన పెరట్ల మన చీర ఆరేసుకుంటే వాళ్లకేమైతది బిడ్డా?" అని అడిగినది. నేను జవాబు చెప్పలేకపోతిని. పోవునప్పుడు, మళ్లీ వచ్చినప్పుడు కట్టుకొందునని ఆ చీరను ఇచ్చటనే విడిచినది.

కొత్త కటాఫు సోమవారము చేరినది. దానితోపాటు జతగా మార్చవలసిన థర్మోస్టాటును వచ్చినది. రెండును బిగించి, గొట్టము కీళ్లకు రేకుటేపు చుట్టి, రేకు మూసి మీట నొక్కితిని. రెండు నిమిషములలో డోలునుండి వెచ్చని గాలి చేతికి తగిలినది. బావకు ఫోనులో ఆ చప్పుడు వినిపించితిని. "ఇగ మంచిగున్నది. మూలుగుత లేదు" అన్నాడు. అమ్మ ప్రక్కననే యున్నట్లున్నది. "బాగైందా? అది ఖరాబైన నాల్గు రోజులన్న ఎండకెయ్యనిచ్చిండ్రా మరి?" అని ఆమె అడుగుట వినబడినది.

పెట్టెలో ముక్కవాసన పట్టిన ఆమె చీరను ఆ సాయంకాలమే ఉతికితిని. నేతచీర యంత్రములో వేయదగినది కాదు. స్నానాలగదిలో పరదా కడ్డీమీద నాలుగు మడతలుగా వేసి, చల్లగాలి యంత్రము చప్పుడు నడుమ దానిని విడిచితిని. కిటికీ అవతల మరునాడును 40 డిగ్రీల ఎండ కాచినది. ఆ చీర అంచు దగ్గర మడత బుధవారము ఉదయమునకు గాని ఆరలేదు.