నిర్మల మెరుగు

గత సంక్రాంతి సెలవులలో మావారితోను పిల్లలతోను గూడి మేము కరీంనగరమునుండి నిర్మలకు బయలుదేరితిమి. బస్సు జగిత్యాల దాటి కోరుట్ల చేరగానే మావారు కిటికీవైపు మొగము త్రిప్పుకొనిరి. ఆ యూర వారి అక్కగారి యిల్లు గలదు. రెండేండ్లక్రిందట మా గృహప్రవేశమునకు వదినెగారిని బొట్టుపెట్టి పిలువక, అచ్చువేయించిన పత్రికను పోస్టులో పంపితిమి. ఆడబిడ్డకు అంతమాత్రము చాలునని తలచుట మా తప్పు. ఆమె రాలేదు, నాటినుండి మాటలును లేవు. బస్సు అచ్చట కొంతసేపు నిలిచినను మేము దిగలేదు.

ఆర్మూరు దాటి, సోను వంతెనపై గోదావరికి నమస్కరించి నిర్మల చేరితిమి. తొల్లి ఆదిలాబాదు జిల్లాలోని యీ యూరు 2016లో వేరొక జిల్లాకు ముఖ్యపట్టణమైనది. ఇచ్చటి నకాషీ పనివారు పొనికికర్రతో బొమ్మలు చేయుదురు. ఆ కర్ర మెత్తనిది, మిక్కిలి తేలిక. అవయవములను వేరువేరుగ చెక్కి, చింతగింజలపిండియు రంపపుపొట్టును కలిపిన ముద్దతో నతికి, తెల్లపూత పూసి, ఆరినపిదప రంగులు దిద్దుదురు. చిలుకలు, లేళ్లు, పండ్లు నిజమైనవో యన్నట్లుండును. పలకలపై వ్రాయు చిత్రములందు నల్లని నేలపై పసిడివన్నె తళుకొత్తును. ఆ వన్నె యెట్లు వచ్చునని యడుగగా ఒక వృద్ధశిల్పి, “కింద నలుపు పూస్తెనే అమ్మా, మీద మెరుపు కానొస్తది. తెల్లదాని మీద ఎంత పూసినా దండుగ” అనెను.

ఆ మాట మనస్సున నాటుకొనినది. ఇల్లు చేరిన పిదప, ఉగాదికి శుభాకాంక్షల పత్రికలను అంగడిలో కొనక మేమే చేయ నిశ్చయించితిమి. పెన్సిలుగీతలు చెరుపు రబ్బరుముక్కపై బొమ్మ గీసి, చిన్నకత్తితో చుట్టునున్న భాగమును తొలగించిన ముద్ర సిద్ధమగును. మా కరీంనగరపు పనివారు సన్నని వెండితీగను మెలిపెట్టి యల్లు లతలే మాకు మాదిరులు. ఆ తీగపనికి 2007లో భౌగోళిక గుర్తింపు లభించినది.

నల్లని దళసరి కాగితమును మడిచి, ముద్రకు మెరుగురంగును పలుచగ పూసి, కదలింపక నిలువున నొత్తి యెత్తవలెను. రంగు చిక్కనైనచో గీతలు పూడిపోవును. నేటి మెరుగురంగులందు సాధారణముగ బంగారముండదు. అభ్రకపు సన్నని పొడికి లోహభస్మముల పూత పెట్టి చేయుదురు. దక్షిణాంధ్రమున గూడూరు ప్రాంతము ఆ యభ్రకమునకే పేరొందినది.

అక్షరములను ముద్రపై తలక్రిందుగాక, అద్దములో కనబడునట్లు కుడియెడమలు మార్చి చెక్కవలెను. ఇది యెరుగక మా చిన్నది “ఉగాది” యని తిన్నగా చెక్కినది. ఒత్తగా అక్షరములన్నియు తారుమారయ్యెను. మేము పారవేయబోగా అది దాచుకొనినది.

ఈ మారు పోస్టునకు పోలేదు. ఉగాదికి మూడురోజులముందు కుంకుమభరిణయు పత్రికయు గొని కోరుట్లలో దిగితిమి. వదినెగారు తలుపు తీసి, రమ్మనియు పొమ్మనియు ననక నిలిచిరి. బొట్టు పెట్టి, “పండుగకు మాయింటికి రండి వదినె, తప్పు మాది” యంటిమి. ఆమె పత్రికను పుచ్చుకొనిరిగాని పలుకలేదు. అంతట మా చిన్నది తాను దాచిన చెడిపోయినదానిని చేతికిచ్చి, “అత్తమ్మా, అద్దంల చూస్తె సక్కగ వస్తది” అన్నది. ఆమె దానిని గోడయద్దమునకు పట్టి చదివి, పకపక నవ్విరి. “మీ అమ్మ కంటె నువ్వే నయమే” యని పిల్లను దగ్గరకు దీసికొనిరి.

సోదరీమణులారా, చేతితో చేసిన పత్రికకు కొన్నదానికంటె విలువ హెచ్చే. ఐనను అది బొట్టుపిలుపునకు బదులు కాజాలదు. దానిని చేతబట్టుకొని గడప యెక్కుటయే ముఖ్యము. మేము చేసిన మంచి పత్రిక ఏమైనదో యెరుగము. తారుమారైనది మాత్రము వదినెగారి అద్దము ప్రక్కన నేటికిని ఉన్నది.