క గుణింతానికి ఒక పాఠ ప్రణాళిక

మెల్‌బోర్న్‌లో ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న నాకు ఈ ఏడాది అత్యధిక కాలం పట్టింది పాఠ ప్రణాళికల రచనకే. ఏ అంశం, ఎంతసేపు, బోర్డు మీద ఏమి రాయాలి అన్నంత వరకే ప్రణాళిక అని మనం సాధారణంగా అనుకుంటాం. ఇక్కడ వాటికన్నా ముందు ఒక ప్రశ్నకు జవాబు రాయాలి. ఈ పాఠం ఇలాగే జరిగితే తరగతిలో ఎవరు దూరమవుతారు?

ఈ ప్రశ్న వెనుక చట్టం ఉంది. ఆస్ట్రేలియాలో 1992 నాటి వైకల్య వివక్ష చట్టం కింద 2005లో విద్యా ప్రమాణాలు వెలువడ్డాయి. వైకల్యం గల విద్యార్థి తోటివారితో సమానంగా చదువులో పాల్గొనేందుకు పాఠశాల సహేతుకమైన సర్దుబాట్లు చేయాలనీ, అందుకు ముందుగా విద్యార్థినో తల్లిదండ్రులనో సంప్రదించాలనీ అవి చెబుతాయి. 2011లో వచ్చిన ఉపాధ్యాయ వృత్తి ప్రమాణాల ప్రకారం, కొత్తగా వృత్తిలోకి వచ్చేవారికి కూడా భిన్న సామర్థ్యాలు గల పిల్లలకు తగినట్లు బోధించే పద్ధతులు తెలిసి ఉండాలి. పుస్తకంలో ఇవి పొడిపొడి వాక్యాలు. ఆదివారం తెలుగు తరగతిలో వాటికి ప్రాణం వచ్చింది.

ఆ తరగతిలో ఎనిమిదేళ్ల బాబు ఒకడు కొత్తగా చేరాడు. అతడికి ఆటిజం ఉంది. "వెనక వరుసలో కూర్చోబెట్టండి టీచర్ గారూ, వాడివల్ల ఎవరికీ ఇబ్బంది ఉండదు" అంది తల్లి. ఇంట్లో ఒకే భాష మాట్లాడమని లోగడ ఎవరో సలహా ఇచ్చారట. అందుకని తెలుగు మానేశారు. ఒంగోలులో ఉన్న నాయనమ్మకు ఇంగ్లిష్ రాదు. వీడియో కాల్‌లో ఇద్దరూ ఒకరినొకరు చూసుకొని ఊరుకుంటారు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లల మాట దెబ్బతింటుందని పరిశోధనల్లో తేలలేదు. ఆ సలహా మాత్రం మన కుటుంబాల్లో ఇప్పటికీ వినబడుతూనే ఉంది.

బాబుకు ఏది ఇష్టం, ఏది భరించలేడు అని ముందుగా తల్లినే అడిగాను. అందరూ ఒక్కసారి గట్టిగా వల్లిస్తే చెవులు మూసుకుంటాడు. ట్రామ్‌లంటే ప్రాణం. వస్తువులను వరుసగా పేర్చమంటే గంటలు గడిపేస్తాడు. గుణింతానికి ఇంతకన్నా తగిన విద్యార్థి ఎక్కడ దొరుకుతాడు?

సాధారణంగా ఇటువంటి పాఠానికి లక్ష్యం "క గుణింతం రాయడం" అని పెడతాం. అందులో "రాయడం" తప్పనిసరా అని ప్రశ్నించుకోవడం నాకు శిక్షణలో అలవడింది. గుడి ఇస్తే కి, కొమ్ము ఇస్తే కు అవుతుందని తెలియడమే ఆ రోజు ముఖ్యం. ఆ తెలివిని రాసి చూపవచ్చు, పలికి చూపవచ్చు, పేర్చి చూపవచ్చు. అందుకని ట్రామ్ పెట్టెల బొమ్మలున్న కార్డులు, అక్షరాభ్యాసంలో వాడినట్లు పళ్ళెంలో బియ్యం సిద్ధం చేశాను. వల్లించేవారికి వరండా ఇచ్చాను. ఏది ఎవరికని నేను నిర్ణయించలేదు, పిల్లలనే ఎంచుకోమన్నాను. సగం మంది బియ్యం దగ్గర చేరారు. (తివాచీలో ఇరుక్కున్న గింజలు ఏరడానికి పాఠానికన్నా ఎక్కువసేపు పట్టింది.)

"మిగతా పిల్లలు వెనుకబడరా అండీ?" అని ఒక తండ్రి అడిగారు. అడగదగిన ప్రశ్నే. చక్కగా రాసే అమ్మాయి ఒకతె బియ్యంలో వేలితో దిద్దుతూ, కె, కే తేడాను పైకి పలికి సరిచూసుకోవడం ఆయనకు చూపించాను.

పాఠాన్ని పిల్లవాడి దగ్గరకు తీసుకువెళ్ళడం మనకు కొత్త కాదు. ఏటా ఆగస్టు 29న గిడుగు వెంకట రామమూర్తి గారి జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. ఆయన వ్యావహారిక భాషోద్యమం అందరికీ తెలుసు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకొని, సవర పిల్లల కోసం వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు నడిపిన సంగతి అంతగా చెప్పుకోం. పిల్లల భాషను ముందు తాను నేర్చుకోవడమే ఆయన ప్రణాళికలో మొదటి మెట్టు.

మూడో వారం బాబు "కా", "కి" కార్డులు పక్కపక్కన పెట్టి "కాకి" అన్నాడు. తల్లి అది ఫోన్‌లో రికార్డు చేసి ఒంగోలు పంపింది. ఆ సాయంత్రం నాయనమ్మ కాకిలా అరిచి చూపిందట, వాడు మళ్ళీ మళ్ళీ అరవమన్నాడట.

వచ్చే ఆదివారం ప్రణాళికలో చ గుణింతం ఉంది. కానీ అతడి ట్రామ్‌కు ఇంకా కౌ, కం, కః పెట్టెలు తగిలించాలి. అవి పూర్తి కాకుండా మరో ట్రామ్ కదలడానికి వీల్లేదని ఖచ్చితంగా చెప్పాడు. ఆ మూడు కార్డులూ ఈ రాత్రికి కత్తిరించి పెట్టాలి.