చిత్రకోట్: వాన వెలిశాకే అసలు హోరు

తుపాను బలం చూడాలంటే సముద్రం ఒడ్డుకే వెళ్లనక్కర్లేదు. బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండాలు తరచూ ఒడిశా తీరం దాటి బస్తర్ అడవుల మీద కుంభవృష్టి కురిపిస్తాయి. ఆ వాన ఎంతటిదో చెప్పేది ఇంద్రావతి. ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్‌కు దాదాపు 40 కి.మీ. దూరాన, చిత్రకోట్ దగ్గర ఆ నది గుర్రపునాడా ఆకారంలో ఉన్న రాతి అంచు మీంచి సుమారు 30 మీటర్ల కిందికి దూకుతుంది. వేసవిలో సన్నటి పాయలుగా మిగిలే ధార, ఆగస్టు వచ్చేసరికి 300 మీటర్ల వెడల్పున ఎర్రమట్టి రంగులో విరుచుకుపడుతుంది.

చలికాలంలో వెళితే తెల్లటి నురగ, పడవ షికారు, కాంగేర్ లోయలోని కుటుంసర్ గుహలు చూడొచ్చు. వర్షాకాలంలో గుహలు మూసేస్తారు. వరద నీటిలో పడవ ఊసే ఉండదు. మిగిలేది హోరొక్కటే. దాని కోసమే వెళ్లేవారు తేదీలను కాదు, వాతావరణ హెచ్చరికలను చూసుకుని బయల్దేరాలి.

విశాఖ నుంచి అరకు మీదుగా జగదల్‌పూర్‌కు రైలుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకు చేర్చేందుకు 1960లలో వేసిన మార్గమది. భారీ వర్షాలకు కొండచరియలు విరిగిపడితే రైళ్లు ఆగిపోతాయి. కాబట్టి తిరుగు ప్రయాణానికి ఒకటి రెండు రోజులు అదనంగా ఉంచుకోవడం మేలు.

అయితే అసలు ప్రమాదం జలపాతం దగ్గర కాదు, దారిలోని వాగుల దగ్గర. 2025 ఆగస్టు చివర బస్తర్‌ను వరదలు ముంచెత్తినప్పుడు దర్భా సమీపంలో కారు వాగులో కొట్టుకుపోయి ఒకే కుటుంబానికి చెందిన నలుగురు చనిపోయారు. నిజానికి వాన కురుస్తుండగా పరుగెత్తాల్సిన పనే లేదు. ఇంద్రావతి పుట్టింది ఒడిశాలోని కలహండి కొండల్లో. పైనుంచి నీరు రావడానికి సమయం పడుతుంది గనుక ఆకాశం తేరుకున్నాక కూడా జలపాతం గర్జిస్తూనే ఉంటుంది. వాగులు తగ్గేదాకా జగదల్‌పూర్‌లో ఆగినవారికి పోయేదేమీ లేదు.

చిత్రకోట్ దాటిన నీరు చివరికి గోదావరిలో కలుస్తుంది. 2022 జులైలో ఉపనదులన్నీ పోటెత్తినప్పుడు భద్రాచలం వద్ద నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. అక్కడ 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. రెయిలింగ్ పట్టుకుని మనం కళ్లప్పగించి చూసే ఆ నీటి కోసమే దిగువన ఎవరో సామాన్లు సర్దుకుంటూ ఉండొచ్చు.