పౌడరు వాసన

గుడిలో పనుల వల్ల పోయిన నెల ఇక్కడ ఏమీ రాయలేకపోయాను. అందుకని ఈసారి కొంచెం పెద్దదే రాశాను. కొత్తగా చదవడం నేర్చుకుంటున్నవాళ్ళు రెండు మూడు రోజులు తీసుకుని చదవండి. తొందరేమీ లేదు.

నా గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. నేను పెరిగింది ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బెంగాలీ, బడిలో ఇంగ్లీషు. తెలుగు మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు. న్యూజెర్సీ వచ్చి, పిల్లల్ని పెంచి, యాభై తొమ్మిదో ఏట ‘అ ఆ’లు దిద్దడం మొదలుపెట్టాను. ఇప్పుడు నాకు అరవై ఆరు. ల, ళ దగ్గర ఇప్పటికీ ఆగి ఆలోచిస్తాను. తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాను.

ఈరోజు విషయం ఒక సెంటు సీసా. మా అమ్మ పెర్‌ఫ్యూమ్ అనేది కాదు, సెంటు అనేది. నాకూ అదే అలవాటు.

ఆ సెంటు పేరు ఫ్లవర్ బై కెంజో. 2000లో వచ్చింది. తయారుచేసిన ఆయన పేరు ఆల్బెర్టో మొరియాస్. సీసా సన్నగా, పొడుగ్గా, కాడలాగా కొంచెం ఒక పక్కకి వంగి ఉంటుంది. అందులో ఒక ఎర్ర పువ్వు నిలబడి కనిపిస్తుంది. అది గసగసాల జాతి పువ్వు. తమాషా ఏమిటంటే ఆ పువ్వుకి చెప్పుకోదగ్గ వాసన లేదు. వాసన లేని పువ్వుకి ఒక వాసన ఊహించి చేశారన్నమాట. గులాబీ, వయొలెట్, వెనిలా, తెల్ల మస్కు, ఇవన్నీ కలిపి చేశారు.

2006లో మా అమ్మాయి తన మొదటి జీతంతో నాకు ఈ సీసా కొనిచ్చింది. నేను మూత తీసి మణికట్టు మీద కొట్టుకుని వాసన చూశాను. చూసి వంటింట్లోకి వెళ్ళిపోయాను. మా అమ్మాయి నాకు నచ్చలేదనుకుంది. నచ్చకపోవడం కాదు. అమ్మ గుర్తొచ్చింది. అప్పటికి అమ్మ పోయి ఐదేళ్ళు.

మా అమ్మకి సెంట్లు లేవు. ఉన్నది ఒక పాండ్స్ పౌడరు డబ్బా. సాయంత్రం నాలుగింటికి మొహం కడుక్కుని, జడ వేసుకుని, పౌడరు అరచేతిలో పోసుకుని రెండు చేతులూ రుద్ది మొహానికీ మెడకీ అద్దుకునేది. మిగిలింది నా బుగ్గలకి. ఖరగ్‌పూర్ ఎండల్లో ఆ పౌడరు చెమటతో కలిసిపోయేది. పౌడరు, చెమట, తలలో పూలు. ఆ మూడూ కలిస్తే అమ్మ. ఈ సెంటులో చెమట లేదు, మిగతా రెండూ ఉన్నాయి. అంతే, పదహారేళ్ళు ఇంకో సెంటు ముట్టుకోలేదు.

2022 జనవరిలో నాకు కోవిడ్ వచ్చింది. జ్వరం నాలుగు రోజుల్లో తగ్గింది. వాసన పోయింది. రెండు వారాల తర్వాత కాఫీ వాసన కొంచెం తెలిసినట్టనిపించింది. హమ్మయ్య, తిరిగొచ్చేసింది అనుకున్నాను. అందరికీ అదే చెప్పాను. నిజానికి చాలావరకు రాలేదు. నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

సెంటు కొట్టుకుంటే ఏమీ తెలిసేది కాదు. సీసా పాతదైపోయిందేమో అనుకుని కొత్తది కొన్నాను. అదీ తెలియలేదు. రెండుసార్లు కొట్టుకునేదాన్ని నాలుగుసార్లు కొట్టుకోవడం మొదలుపెట్టాను. తర్వాత చీర మీద కూడా.

గుడిలో ఎవరూ ఏమీ అనలేదు. మనవాళ్ళు పెద్దవాళ్ళతో అలాంటివి చెప్పరు కదా. చివరికి ఆదివారం తెలుగు క్లాసులో ఒక ఏడేళ్ళ పాప చెప్పింది. ‘అమ్మమ్మా, మీ పక్కన కూర్చుంటే నాకు తుమ్ములొస్తాయి’ అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికెళ్ళి చీరలన్నీ ఉతకడానికి వేశాను. సిగ్గుతో ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అయినా ఎవరికీ చెప్పలేదు. ఎందుకంటే నేను గుడి వంటింట్లో పోపు చూస్తాను. రెండు వందల మందికి పులిహోర. ముక్కు లేని మనిషికి పోపు ఎవరు అప్పజెబుతారు?

ఆ ఏడాది శ్రీరామనవమికి పోపు మాడిపోయింది. పెద్ద మూకుడులో నూనె పోసి, శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిరపకాయలు వేశాను. ఎవరో ఇస్తళ్ళు ఎన్ని కావాలని అడిగితే వెనక్కి తిరిగి మాట్లాడాను. ఆ మాడు వాసన గుడి వాకిలి దాకా వెళ్ళిందట. మూకుడుకి రెండడుగుల దూరంలో ఉన్న నాకు తెలియలేదు. మిరపకాయల ఘాటుకి కళ్ళు మండాయి, దగ్గొచ్చింది. అప్పుడు తిరిగి చూశాను. అంతా నల్లగా ఉంది.

పులిహోర నలభై నిమిషాలు ఆలస్యమైంది. నేను స్టోర్ రూములోకి వెళ్ళి బియ్యం బస్తా మీద కూర్చున్నాను. గుంటూరు వదిన వెనకే వచ్చింది. మా వంటింట్లో అందరికీ ఇలా ఊరి పేర్లే. ‘ఏమైంది వదినా, ఒంట్లో బాలేదా?’ అంది. అప్పుడు చెప్పేశాను. రెండు నెలలకి పైగా నాకు వాసన లేదని, తీర్థం తీసుకుంటే పచ్చకర్పూరం చల్లదనం నాలుక మీద తెలుస్తుంది గానీ దాని వాసన తెలియదని, ఇంట్లో గ్యాసు కట్టేశానా లేదా అని రాత్రి మూడుసార్లు లేస్తున్నానని.

ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ‘సరే, చెయ్యి నీది, ముక్కు నాది’ అంది. ఆ రోజు నుంచి పోపు దగ్గర ఇద్దరం నిలబడుతున్నాం.

డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నాకు వాసనల అభ్యాసం చెప్పింది. జర్మనీలో డ్రెస్డెన్ ఊళ్ళో థామస్ హుమ్మెల్ అనే ఆయన, ఆయన బృందం 2009లో దీని గురించి ప్రచురించారు. నాలుగు వాసనలు: గులాబీ, నీలగిరి, నిమ్మ, లవంగం. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఒక్కొక్కటీ కాసేపు వాసన చూడాలి. కనీసం పన్నెండు వారాలు. చూస్తున్నప్పుడు ఆ వాసన ఎలా ఉండేదో గుర్తుచేసుకోవాలి. అందరికీ పూర్తిగా తిరిగి రాదు, కొంతమందికి మెరుగవుతుంది.

ఆ గుర్తుచేసుకోవడం దగ్గరే నాకు చిక్కొచ్చింది. నిమ్మకాయ ఎలా ఉంటుంది? పుల్లగా. అది రుచి. లవంగం? ఘాటుగా. అది మంట. వాసనకి నా దగ్గర మాటలు లేవు. ఇంగ్లీషులోనూ లేవు, తెలుగులోనూ లేవు. మాటలు లేకపోతే గుర్తు తెచ్చుకోవడానికి పట్టు దొరకడం లేదు.

అందుకని ఒక శనివారం, సొరకాయలు తరుగుతుండగా, మా వంటింటి బృందాన్ని ఒక సాయం అడిగాను. వంటింట్లో సెంటు కొట్టుకుని రాకూడదని మా రూలు. అందుకే తరిగే పని అయ్యాక అందరం బయట వరండాలోకి వెళ్ళాం. కాగితం ముక్కల మీద ఒక్కొక్క చుక్క కొట్టి తలా ఒకటి ఇచ్చాను. ఎలా ఉందో తెలుగులో చెప్పండి, ‘బాగుంది’ అని మాత్రం అనకండి అన్నాను.

గుంటూరు వదిన: ‘చంటిపిల్లకి తలంటి, సాంబ్రాణి పొగ వేసి, పౌడరు అద్ది, మెత్తటి పాత చీరలో చుట్టినట్టుంది.’

రాజమండ్రి అక్క: ‘మా అత్తగారి బీరువా. తలుపు తీయగానే పట్టుచీరల్లోంచి గుప్పుమనే వాసన.’ ఆవిడకీ అత్తగారికీ పడేది కాదు. అందుకే కాగితం వెంటనే తిరిగిచ్చేసింది.

విజయనగరం పిన్నికి ఎనభై దాటాయి. చాలాసేపు కళ్ళు మూసుకుని చూసి, ‘పౌడరు రాసుకున్న పువ్వులా ఉందే’ అంది.

ఇక్కడ చదువుకుంటున్న ఒక అమ్మాయి: ‘మేకప్ సంచీ, ఆంటీ. అడుగున పౌడరు ఒలికిపోయిన సంచీ.’ ఆమె స్నేహితురాలికి అసలు నచ్చలేదు. ‘గొంతులో పిండి పడ్డట్టుంది. తియ్యటి పిండి’ అంది.

ఇంకొకావిడ మొదట ‘భలే ఉంది’ అంది. రెండు నిమిషాలకి ‘పోయింది, ఏమీ లేదు’ అంది. ఇంకాసేపటికి ‘అరే, మళ్ళీ వచ్చింది’ అంది. అందరూ ఆవిడని ఆటపట్టించారు. కానీ ఆవిడ చెప్పింది నిజమే. ఇంటికొచ్చి చదివాను. వయొలెట్ పువ్వుల వాసననిచ్చే పదార్థాలని అయనోన్లు అంటారు. 1893లో జర్మనీలో టీమన్, క్రూగర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వీటి తయారీ గురించి ప్రచురించారు. వీటికి ముక్కు తొందరగా అలసిపోతుంది. కాసేపు తెలియదు, మళ్ళీ తెలుస్తుంది. మస్కు వాసనల్లో కూడా కొన్ని కొంతమందికి అసలు తెలియవు. వాళ్ళ ముక్కు మామూలుగానే ఉంటుంది, ఆ ఒక్క వాసన తప్ప. అంటే ఒకే సీసాలో సెంటు, ఒక్కొక్కరికి ఒక్కొక్క సెంటు.

ఇంకో సంగతి కూడా తెలిసింది. టాల్కం పౌడరుకి దానంతట దానికి వాసన లేదు. మనం పౌడరు వాసన అనేది అందులో కలిపినదాన్ని. పూర్వం యూరప్‌లో మొహానికీ జుట్టుకీ రాసుకునే పౌడర్లలో ఐరిస్ అనే మొక్క దుంపని పొడిచేసి కలిపేవారు. పచ్చి దుంపకి పెద్దగా వాసన ఉండదు. తొక్క తీసి ఎండబెట్టి ఏళ్ళ తరబడి ఉంచితే అప్పుడు వయొలెట్ లాంటి వాసన పుడుతుంది. మన ఆవకాయ ఊరడానికి నెల చాలు. దీనికి మూడేళ్ళు కూడా పడుతుంది. ఆ పౌడర్ల వల్లే ఈ రకం సెంట్లకి పౌడరు పేరొచ్చింది.

ఆ సాయంత్రం నేను రాసుకున్న మాటలు మీకూ పనికొస్తాయని ఇక్కడ పెడుతున్నాను. మంచి వాసన సువాసన, పరిమళం. చెడ్డది కంపు. అన్నం అడుగంటితే మాడు వాసన. మసాలా సరిగ్గా వేగకపోతే పచ్చి వాసన. చేపలది నీచు వాసన. పిండి పాతబడితే ముక్క వాసన. ఒక్కసారిగా వచ్చి తగిలితే గుప్పుమంది అంటాం. నేతిలో ఏదైనా వేగుతుంటే కమ్మటి వాసన. అరవై ఏళ్ళు ఇవన్నీ విన్నాను గానీ ఒక్కటి కూడా రాయలేదు.

అభ్యాసం పన్నెండు వారాలకి ఆపలేదు, ఇప్పటికీ చేస్తున్నాను. మొదట వచ్చింది లవంగం. పద్నాలుగో వారంలో, సన్నని ముల్లులా తగిలింది. సీసా పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నిమ్మ సగం వచ్చింది. గులాబీ ఇంకా రాలేదు. గుడిలో పూలమాలలు కట్టేటప్పుడు పూలు వాసన చూడకూడదు, దేవుడికి పెట్టేవి కదా. ఇన్నేళ్ళు ఆ నియమం తేలిగ్గా పాటించాను, చూడకపోయినా గాలిలో ఎలాగూ వచ్చేది కాబట్టి. ఇప్పుడు చామంతులు, మల్లెలు, గులాబీలు ఒళ్ళో పోసుకుని కూర్చుంటే రంగులు మాత్రమే తెలుస్తున్నాయి.

సెంటు విషయం. సీసా ఇప్పుడు మా అమ్మాయి దగ్గరుంది. పండగకి వచ్చినప్పుడు నా మెడ దగ్గర ఒక్కసారి కొడుతుంది. ఒక్కసారే. రెండోసారి అడిగినా కొట్టదు. తర్వాత దగ్గరికొచ్చి వాసన చూసి ‘ఉందమ్మా’ అంటుంది. అదే నాకు లెక్క.

పోయిన దీపావళికి అలా కొట్టినప్పుడు నాకు ఏదో తెలిసింది. పువ్వు కాదు. మెత్తగా, పిండిలా, కొంచెం తియ్యగా. అర నిమిషం ఉండి పోయింది. నిజంగా ముక్కుకే తెలిసిందో, గుంటూరు వదిన చెప్పిన చంటిపిల్ల మాట మనసులో ఉండి అలా అనిపించిందో చెప్పలేను. అమ్మ మాత్రం కాదు. అమ్మ ఇంకా రాలేదు.

మీకొక పని. ఈ వారం ఇంట్లో పెద్దవాళ్ళని ఎవరినైనా అడగండి, వాళ్ళమ్మ దగ్గర ఏ వాసన వచ్చేదో. తెలుగులో చెప్పమనండి. ‘బాగుండేది’ అంటే ఒప్పుకోకండి. వాళ్ళు ఏ మాట వాడారో అదే మాట, తప్పయినా సరే, ఇక్కడ రాయండి. నేను అన్నీ నా నోటుబుక్కులో ఎక్కించుకుంటాను.

మళ్ళీ నెల కలుద్దాం.