మా చిన్నోడి మోకాలు

కబడ్డీలో మా చిన్నోడికి మోకాలి లోపలి లిగమెంటు తెగింది. కర్నూలు డాక్టరుగారు ఆపరేషన్ చేస్తే కాలు నిలబడుతుందన్నారు. "ముందు ముందు కీళ్లనొప్పులు రావు కదండీ?" అంటే మాత్రం మాట ఇవ్వలేదు. ఇలా తెగినవాళ్లలో దాదాపు సగం మందికి 10, 20 ఏళ్లలో కీలు అరుగుతుందట. వీడికింకా 17. నలభై రాకముందే కడపలో మా అత్తమ్మలా గోడ పట్టుకుని లేవాల్నా?

బోస్టన్‌లో మార్తా మర్రే అనే డాక్టరమ్మ, పందుల్లో తెగిన లిగమెంటు మధ్య వాటి రక్తంతోనే తడిపిన స్పాంజిలాంటిది పెట్టి అతికించారట. ఏడాది తర్వాత చూస్తే, మామూలు ఆపరేషన్ చేసినవాటికన్నా వీటి కీళ్లు తక్కువ అరిగాయి. పాపం, ఆ పందులు! 2020లో అమెరికాలో మనుషులకూ ఈ పద్ధతికి అనుమతిచ్చారు. మనుషుల్లోనూ అరుగుదల తగ్గుతుందో లేదో తేలడానికి ఏళ్లు పడుతుంది.

అంతవరకూ తొడ కండ గట్టిపడే వ్యాయామమే మాకు దిక్కు. నేను చెబితే వినడు. రోజూ అత్తమ్మ ఫోన్‌లో, "కాలెత్తినావా నాయనా?" అంటేనే ఎత్తుతాడు.