అమ్మీ వాటాలోని గులాబి

పోయిన సంవత్సరం వర్షాకాలంలో మా జహీరాబాద్ శివారున ఉన్న ఒక నర్సరీకి వెళ్ళి, పన్నీరు గులాబి మొక్క కావాలని అడిగాను. అక్కడి కుర్రవాడు ఆరు కుండీలు తెచ్చి నా ముందు వరుసగా నిలబెట్టాడు. ఎరుపు, పసుపు, తెలుపు, రెండు రంగులు కలిసినవి. ఒక్కొక్క పువ్వు టీ సాసరంత ఉంది. వంగి వాసన చూశాను. పచ్చి ఆకు వాసన తప్ప మరేమీ తగలలేదు. "వాసనతో ఏం పనమ్మా, ఇది కోశాక కూడా వారం రోజులు వాడదు" అన్నాడతను. అతని మాటలో తప్పేమీ లేదు. ఈ కాలానికి కావలసింది వాడిపోని పువ్వే. నేను ఉత్త చేతులతో తిరిగి వచ్చాను.

నేను వెతుకుతున్న మొక్క అక్కడికి కిలోమీటరు దూరంలో, మా పుట్టింటి బావి పక్కన ఉంది. కానీ ఆ గుమ్మం ముందు నిలబడి అడిగే ముఖం నాకు లేదు.

అది నిలువెత్తు పొద. కొమ్మలు సన్నగా సాగి, బరువుకు వంగి, ఒళ్ళంతా ముళ్ళతో ఉండేవి. లేత గులాబీ రంగు పూలు గుత్తులుగా పూసేవి. పువ్వు చిన్నది, అరచేతి గుంటలో ఇమిడేంత. రేకులు మాత్రం లెక్కకు అందవు. కోసిన రోజు సాయంత్రానికే రాలిపోతుంది. ఇంత అల్పాయుష్షు గల పువ్వుకు అంత పరిమళం ఎందుకిచ్చాడో సృష్టికర్తకే తెలియాలి. ఫజ్ర్ నమాజు వేళ వుజూ కోసం బావి దగ్గరికి వెళితే, చీకట్లో పువ్వు కంటికి కనబడకముందే వాసన ఎదురు వచ్చేది.

దాన్ని నాటింది మా దాదీ. 1953లో ఆమె పెళ్ళి అయింది. పుట్టిల్లు బీదర్. మూటలో చీరలతో పాటు తడిగుడ్డలో చుట్టిన రెండు గులాబి పుల్లలు తెచ్చుకున్నదట. అప్పుడు జహీరాబాద్ తాలూకా కూడా హైదరాబాదు రాష్ట్రంలోని బీదర్ జిల్లాలోనే ఉండేది. 1956లో రాష్ట్రాలను విడదీసినప్పుడు బీదర్ మైసూరుకు, మన జహీరాబాద్ ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ జిల్లాకు వెళ్ళాయి. ముప్పై కిలోమీటర్ల దూరంలోని పుట్టిల్లు రాత్రికి రాత్రి పరాయి రాష్ట్రమయిందని దాదీ చివరిదాకా నవ్వుతూ చెప్పేది. నవ్వుతూ చెప్పేది గాని, చెప్పడం మానలేదు.

మేము దాన్ని దేశీ గులాబి అనేవాళ్ళం. దాని పుట్టుక వేరని చాలా కాలానికి చదివి తెలుసుకున్నాను. అత్తరు తీసే అసలు దమాస్కస్ గులాబి ఉత్తరప్రదేశ్‌లోని హసాయన్‌లో, రాజస్థాన్‌లోని పుష్కర్‌లో పండుతుంది. మైదాన ప్రాంతాల్లో అది మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒక్క కారు పూసి ఊరుకుంటుంది. మన వైపు పన్నీరు గులాబి పేరుతో పెరిగేది సాధారణంగా ఎడ్వర్డ్ గులాబి. ఇది బూర్బన్ జాతి. హిందూ మహాసముద్రంలో ఫ్రెంచివారి పాలనలో ఉన్న బూర్బన్ దీవిలో, అంటే నేటి రీయూనియన్‌లో, పొలాల చుట్టూ కంచెగా దమాస్కస్ గులాబిని, చైనా గులాబిని కలిపి నాటేవారు. ఆ రెండింటి కలయికతో, మనిషి ప్రమేయం లేకుండా, కంచెలో మొలిచింది ఈ జాతి. ఇది రెండు వందల ఏళ్ళ కిందటి మాట. తల్లి నుండి వాసన, తండ్రి నుండి ఏడాది పొడవునా పూసే గుణం వచ్చాయనుకోవచ్చు. ఫ్రెంచి ఎడువార్ మన నోట ఎడ్వర్డ్ అయింది. పరదేశీ రక్తం అని తెలిసిన తరువాత కూడా మా ఇంట్లో అది దేశీ గులాబిగానే ఉండిపోయింది.

'గులాబ్' అన్న మాట కూడా ఇలాగే స్థానం మార్చుకున్నది. ఫారసీలో 'గుల్' అంటే పువ్వు, 'ఆబ్' అంటే నీరు. అంటే గులాబ్ అసలు పువ్వు పేరు కాదు, పూల నీటి పేరు. మన దేశానికి వచ్చేసరికి నీటి పేరు పువ్వుకు అంటుకున్నది. నీటికి మనం పన్నీరు అని వేరే పేరు పెట్టుకున్నాము. తొమ్మిదవ శతాబ్దపు పండితుడు అల్ కిందీ పరిమళాలను బట్టీపట్టే విధానాల మీద ప్రత్యేకంగా ఒక గ్రంథమే రచించాడు. 1187లో సలాహుద్దీన్ అయ్యూబీ జెరూసలేంను తిరిగి పొందినప్పుడు అక్కడి పవిత్ర స్థలాలను పన్నీటితో కడిగించాడని చరిత్రకారులు రాశారు. నేటికీ పవిత్ర కాబాను జమ్‌జమ్ నీటిలో తాయిఫ్ గులాబి పన్నీరు కలిపి కడుగుతారు. ఇవన్నీ అబ్బా మాకు రాత్రి భోజనాల దగ్గర చెప్పేవారు. దివ్య ఖుర్ఆన్‌లోని అర్రహ్మాన్ సూరాలో గులాబి అన్న అర్థమిచ్చే 'వర్దహ్' పదం ప్రళయదినాన చీలిన ఆకాశాన్ని వర్ణించే చోట వస్తుందని కూడా ఆయనే చెప్పారు. అది విన్న మరునాడు తెల్లవారుజామున బావి దగ్గరికి వెళ్ళడానికి నాకు భయం వేసింది. అప్పుడు నా వయస్సు తొమ్మిదేళ్ళు.

పువ్వును సూర్యుడు పైకి రాకముందే కోయాలి. ఎండ ఎక్కే కొద్దీ రేకులలోని నూనె ఆవిరైపోతుంది. కన్నౌజ్ అత్తరు వారు రాగి డేగులో పూలు, నీళ్ళు పోసి, మూతి చుట్టూ మట్టి మెత్తి, వెదురు గొట్టం గుండా ఆవిరిని చల్లని తొట్టిలోని పాత్రలోకి పంపుతారు. కిలో నూనె దిగడానికి మూడు నాలుగు టన్నుల పూలు కావాలి. మా ఇంట్లో అంత పని ఎక్కడిది! అమ్మీ గుల్కంద్ మాత్రం చేసేది. గాజు సీసాలో ఒక పొర రేకులు, ఒక పొర పటికబెల్లం పొడి. మూతికి పలుచని గుడ్డ కట్టి డాబా మీద ఎండలో పెట్టి, నెల రోజుల పాటు మధ్యమధ్య కలుపుతూ ఉండేది. రమజాన్ వేసవిలో వచ్చిన సంవత్సరాల్లో ఇఫ్తార్ పాలలో ఆ గుల్కంద్ ఒక చెంచా పడేది.

పొదకు సేవ చేయడం దాదీ నుండి అమ్మీకి వచ్చింది. మా నేల ఎర్ర నేల, నీరు నిలవదు. చలి కూడా ఈ మొక్కకు అనుకూలమే. పక్కనున్న కోహీర్‌లో రాష్ట్రంలోకెల్లా తక్కువ ఉష్ణోగ్రత నమోదయ్యే రోజులుంటాయి. ఆ రోజుల్లోనే పువ్వు రంగు చిక్కబడేది. వానలు వెనుకబడ్డాక కొమ్మలు కత్తిరించడం, పాదులో మేకల ఎరువు వేయడం, బక్రీద్ తరువాత ఎముకలను కాస్త లోతుగా పూడ్చడం, కాండానికి ఎర్రని పొలుసు పురుగు పడితే కిరోసిన్ గుడ్డతో తుడవడం. ఇంతే వైద్యం.

2019లో అబ్బా మరణించారు. మరుసటి సంవత్సరం ఇల్లు పంచుకోవలసి వచ్చింది. స్థలం 240 గజాలు. నిసా సూరా లెక్క ప్రకారం మొత్తాన్ని 24 భాగాలు చేస్తే అమ్మీకి 3, భాయ్‌జాన్‌కు 14, నాకు 7. అంటే నాకు 70 గజాలు. ఈ పత్రిక చదివే అక్కాచెల్లెళ్ళకు తరువాతి సంగతి చెప్పనవసరం లేదు. పుట్టింటి తలుపు తెరిచి ఉండాలంటే వాటా అడగకూడదని ముగ్గురు పెద్దలు నాకు నచ్చజెప్పారు. వారిలో ఇద్దరు నా చేత చిన్నప్పుడు ఖుర్ఆన్ చదివించినవారు. పెద్దమ్మాయిని నర్సింగ్ కాలేజీలో చేర్పించవలసిన సంవత్సరం అది. నేను అడిగాను. అడిగినందుకు నేటికీ చింత లేదు.

అడిగిన తీరుకు చింత ఉంది. అబ్బా ఆసుపత్రి ఖర్చంతా భాయ్‌జాన్ ఒక్కరే భరించారు. నా 70 గజాల విలువ రెండు వాయిదాల్లో చెల్లించడానికి ఆయన అప్పు చేశారు. ఆ సంగతి తెలిసి కూడా, నలుగురి ముందు, దాదీ నాటి బిద్రీ గులాబ్‌పాష్‌లో నా భాగం ఏదని అడిగాను. బీదర్ కోట మట్టితో నల్లబరచిన లోహం మీద వెండి తీగ అద్దిన వస్తువు అది. పెళ్ళిళ్ళలో అతిథుల మీద పన్నీరు చల్లడానికి వాడేవాళ్ళం. భాయ్‌జాన్ లోపలికి వెళ్ళి, దాన్ని తెచ్చి, నా కాళ్ళ దగ్గర నేల మీద పెట్టి బయటికి వెళ్ళిపోయారు. నేను దాన్ని తీసుకున్నాను. తీసుకోకుండా ఉండవలసింది.

ముస్లిం తన సోదరునితో మూడు దినాలకు మించి మాట మానడం తగదని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. మేము నాలుగు సంవత్సరాలు మానాము, అదీ ఒకే ఊళ్ళో ఉండి. ఈద్‌గాహ్ దగ్గర మా వారికీ ఆయనకూ సలాములు జరిగేవి. నేను మాత్రం భాయ్‌జాన్ దుకాణంలో ఉండే వేళ చూసుకుని అమ్మీ దగ్గరికి వెళ్ళి, ఆయన వచ్చేలోగా దొంగలా బయటపడేదాన్ని.

అప్పు తీరాలంటే ముందు వైపు మడిగెలు కట్టి అద్దెకు ఇవ్వాలని భాయ్‌జాన్ తలపెట్టారు. బావి పూడ్చాలి, పొద తీసెయ్యాలి. అప్పుడు అమ్మీ, జీవితంలో మొదటిసారి అనుకుంటాను, తన వాటా గురించి నోరు విప్పింది. "నా మూడు భాగాలు ఎక్కడున్నాయో చూపించు" అని కొడుకును అడిగింది. ఎక్కడైనా తీసుకోమన్నారాయన. అమ్మీ చేతికర్రతో బావి చుట్టూ గీత గీసింది. 30 గజాలు. మూడు మడిగెల చోట రెండే లేచాయి. రెండు గోడల నడుమ సందులో ఎండ తక్కువై పొద సన్నబడింది, పూలు తగ్గాయి, కానీ బతికింది.

2024 రమజాన్‌లో, రెండవ అష్రాలో, అమ్మీ అల్లాహ్ సన్నిధికి చేరింది. గుసుల్ ఇవ్వడానికి వెళ్ళిన స్త్రీలలో నేనూ ఉన్నాను. కర్పూరం కలిపిన ఆఖరి నీళ్ళు పోస్తుండగా భాభీ ఒక సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది. అంగడిలో దొరికే పన్నీరు. మూత తీస్తే సబ్బు వాసన. అందరూ చూస్తుండగా వద్దనలేక కఫన్ మీద కాసిన్ని చుక్కలు చల్లాను. నర్సరీకి వెళ్ళాలన్న ఆలోచన ఆనాడే పుట్టింది.

అమ్మీ 30 గజాలకు వారసులం మేమిద్దరమే. 20 ఆయనవి, 10 నావి. నేను నోరెత్తలేదు. ఊళ్ళో మాత్రం మాట పాకింది, ఆమె ఆ పది గజాలు కూడా అడుగుతుందని.

అక్టోబరు చివర ఒక ఆదివారం, అస్ర్ నమాజు అయ్యాక, గేటు చప్పుడయింది. భాయ్‌జాన్. వెనుక ఆయన చిన్న కూతురు, చేతిలో తడి గోనెసంచి. నాలుగేళ్ళలో ఆయన గడ్డం పూర్తిగా నెరిసిపోయింది. సలాము చెప్పారు. జవాబు చెప్పడానికి నాకు గొంతు పెగలలేదు. మా వారు చెప్పారు.

"ఫుప్పూ, అబ్బాజాన్ పొద కత్తిరించారు. దాదీ ఏటా కత్తిరించేది కదా, ఈసారి ఎవరూ లేరని" అన్నది పిల్ల. సంచి విప్పితే పెన్సిలు లావు పుల్లలు పదకొండు. ఆయన చేతుల మీద ముళ్ళు గీసిన గీతలు ఎర్రగా కనబడుతున్నాయి.

"పారేయబుద్ధి కాలేదు. నీ దగ్గర జాగా ఉంటే పెట్టుకో" అన్నారు భాయ్‌జాన్. అని, తొట్టిలోని మట్టిలో తానే ఒక పుల్ల గుచ్చారు. తలకిందులుగా.

"అది కిందిది పైకి పెట్టారు" అన్నాను. నాలుగేళ్ళ తరువాత ఆయనతో నేను అన్న మొదటి మాట అది. ఆయన పీకి నా చేతికిచ్చారు. జానెడు పొడవుంచి, కన్ను కింద ఏటవాలుగా కోసి, మూడు వంతుల్లో రెండు వంతులు మట్టిలోకి దించి, చుట్టూ నొక్కాలి. ఒక్కొక్కటి చేసి చూపాను. పదకొండూ నాటేసరికి మగ్రిబ్ అజాన్ వినబడింది. ఆయన మా వారితో కలిసి మసీదుకు వెళ్ళారు. తిరిగి వచ్చాక చాయ్ తాగారు. వెళ్ళబోతూ గుమ్మంలో నిలిచి, "ఆ పది గజాల సంగతి కూడా మాట్లాడుకోవాలి" అన్నారు.

"మాట్లాడుకుందాం" అన్నాను.

ఇంకా మాట్లాడుకోలేదు. ఆయన డబ్బు ఇవ్వజూపితే తీసుకోవాలో, బావి చుట్టూ ఉన్న చోటు అలాగే ఉంచమని కోరాలో నాకు తేలలేదు. ఉంచితే ఆయనకు మూడవ మడిగె లేదు. అప్పు ఇంకా మిగిలే ఉంది. వదులుకుంటే మా అమ్మాయిలు రేపు వారి వాటా అడగవలసిన రోజున నన్నే ఉదాహరణగా చూపిస్తారేమోనన్న దిగులు. ఇస్తిఖారా నమాజు రెండుసార్లు చదివాను.

పదకొండు పుల్లల్లో ఏడు ఎండిపోయాయి. నాలుగు చిగిర్చాయి. ఈ జనవరి చలికి అందులో ఒకటి మొగ్గ వేసింది. మొదటి మొగ్గను తుంచేస్తే మొక్క బలపడుతుందని అమ్మీ చెప్పేది. తుంచలేదు. శుక్రవారం తెల్లవారుజామున విచ్చుకున్నది. భాభీకి ఫోను చేసి, పిల్లను పంపమన్నాను. పిల్లతో పాటు ఆయన కూడా వచ్చారు.